రెండువందల పన్నెండు గీతలు

రెండు పెన్‌డ్రైవులు, ఒకటే ప్రోగ్రాం. ఒకటి తూనీగది, ఇంకొకటి క్లాసులో అందరూ టాపర్ అని పిలిచే కుర్రాడిది. బొమ్మలు గీసే ఆ ప్రోగ్రాంలో కోడు అక్షరం పొల్లు పోకుండా రెండిట్లోనూ ఒకేలా ఉంది. ల్యాబ్ మేడం రెండిటినీ సొరుగులో పడేసి తాళం వేసి, "రేపు పొద్దున పదింటికి రండి. ఎవరు రాశారో, ఎవరు ఎత్తుకొచ్చారో తేలుస్తాను. ఎత్తుకొచ్చినవాళ్ళకి సున్నా, ఏడాదంతా మళ్ళీ మొదటి నుంచి," అని చెప్పి వెళ్ళిపోయిన దగ్గర మనం నిన్నటి సంగతి ఆపాం. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. టాపర్ తన ప్రాజెక్టుని సోమవారమే ఇచ్చేశాడు. తూనీగ బుధవారం ఇచ్చింది.

పదికి అయిదు నిమిషాలుండగా తూనీగ ల్యాబ్ గుమ్మం ముందు చెప్పులు విడిచింది. సన్నగా, ఒకచోట కాలు నిలవనట్టుండే పిల్ల కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇవాళ మాత్రం కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టున్నాయి. పక్కనే వదిన. మేనత్త కూతురు, తనకన్నా ఆరు నెలలు పెద్ద, ఒకే ఇంట్లో పై వాటాలో ఉంటుంది. ఒకే క్లాసు, ఒకే ప్రాజెక్టు. కోడు తూనీగది, రంగులు, బొత్తాల మీద గుర్తులు, అందం చందం వదినవి.

"వదినా, నాకు నోరు పెగలదేమోనని భయంగా ఉంది."

"నీకు నోరు పెగలకపోవడమా? నానమ్మతో రోజూ వాదించి గెలిచేదానివి," అంది వదిన. కానీ ఆ మాటలో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. నిన్న సాయంత్రం నుంచీ ఆమె అన్నం సరిగ్గా తినలేదని తూనీగకి తెలుసు. ప్రాజెక్టు గురించిన బెంగే అనుకుంది.

లోపల పన్నెండుమంది విద్యార్థులు అప్పటికే కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. తమ ప్రాజెక్టు పని చేసుకోవడానికే వచ్చామన్నట్టు కంప్యూటర్లు ఆన్ చేసి పెట్టుకున్నారు గానీ అందరి చెవులూ ఇటే. మేడం బల్ల వెనక గోడకి తెల్లటి తెర దించి ఉంది. టాపర్ ముందు వరసలో, ఇస్త్రీ చొక్కాలో, ఒక కాలి మీద ఇంకో కాలు వేసుకుని ఉన్నాడు. తూనీగని చూసి కొంచెం సర్దుకుని కాలు దించాడు.

మేడం సొరుగు తాళం తీసింది.

"నేను మాటలు వినను. ప్రశ్నలు అడుగుతాను. సొంతంగా రాసినవాళ్ళకి సమాధానం తెలుస్తుంది." టాపర్ వైపు తిరిగింది. "మౌస్ గబగబా కదిపితే గీత తెగిపోవాలి కదా. ఇందులో తెగట్లేదు. ఎందుకు?"

"మేడం, మౌస్ ఎక్కడుందో కంప్యూటర్ ప్రతి క్షణం చెప్పదు. అప్పుడొకటి, ఇప్పుడొకటి చెప్తుంది. అందుకని వచ్చిన చుక్కని ముందు చుక్కతో గీత గీసి కలిపేశాను."

తడుముకోలేదు. పాఠం అప్పజెప్పినట్టు కాదు, పాఠం చెప్పినట్టు చెప్పాడు. తూనీగకి ఒళ్ళు మండింది. ఆ సంగతి పట్టుకోవడానికి తనకి పదకొండు రోజులు పట్టింది. మొదట్లో మౌస్ కదిపితే గీతకి బదులు చుక్కలు రాలేవి, తెగిన దండలోంచి పూసలు జారినట్టు. నానమ్మ చూసి, "ఏమ్మా, మీ కంప్యూటర్‌కి చెమట పొక్కులొచ్చాయా?" అని అడిగింది కూడా.

"రబ్బరు ఎలా చేశావు?"

"రబ్బరంటూ ఏం లేదు మేడం. తెల్ల రంగు పెన్ను, లావుగా."

"ఊఁ. నువ్వు చెప్పమ్మా, బొమ్మ గీసే కాన్వాస్ చుట్టూ అంచు ఎందుకు పెట్టావు?"

తూనీగ లేచి నిలబడింది. "అంటే మేడం... మౌస్ బయటికి పోతే... బొత్తం వదిలేశారో లేదో తెలియదు కదా, అందుకని... లోపలికి మళ్ళీ వస్తే గీత అక్కణ్ణించే..." మాట మాటకీ తడబడింది. ఎవరో వెనక కిసుక్కుమన్నారు. సమాధానం సరైనదే. కానీ టాపర్ ముందు అది వేరేవాళ్ళ వస్తువుని వర్ణిస్తున్నట్టుంది. మేడం ముఖంలో ఆ మాటే కనిపించింది.

"ఇదిగో చూడమ్మా, అతను సోమవారం ఇచ్చాడు. నువ్వు రెండు రోజుల తర్వాత ఇచ్చావు. అతను గడగడా చెప్తున్నాడు, నువ్వు నసుగుతున్నావు. నీ తరఫున నేనేమనుకోవాలి?"

తూనీగ వదిన వైపు చూసింది. వదిన తల దించుకుని గోరు గిల్లుకుంటోంది.

"సరే, ఆఖరు ప్రశ్న," అంది మేడం. "ఈ 'వెనక్కి' బొత్తం. తప్పు గీత గీస్తే నొక్కుతాం, అది పోతుంది. ఎలా పోతుంది?"

టాపర్ చిరునవ్వు నవ్వాడు. "గీసిన ప్రతి గీతనీ వరసగా ఒక జాబితాలో దాచుకుంటాం మేడం. 'వెనక్కి' నొక్కితే జాబితాలోంచి ఆఖరి గీతని తీసి పారేసి, మిగిలినవన్నీ మొదటి నుంచి మళ్ళీ గీస్తాం. 'అన్నీ చెరుపు' నొక్కితే జాబితా మొత్తం ఖాళీ."

"చాలా బావుంది," అంది మేడం.

బావుంది నిజంగానే. పుస్తకంలో అలాగే ఉంటుంది. బుద్ధున్నవాడెవడైనా అలాగే రాస్తాడు.

తూనీగ మాత్రం అలా రాయలేదు.

ఆ సంగతి తలకెక్కడానికి ఆమెకి రెండు క్షణాలు పట్టింది. కుర్చీ వెనక్కి పడిపోయేంత వేగంగా ముందుకొచ్చింది.

"మేడం! తీసి పారెయ్యదు!"

"ఏంటి?"

"గీతని తీసి పారెయ్యదు మేడం, నా ప్రోగ్రాం. అలా చెయ్యడం నాకు చేతకాలేదు. జాబితాలోంచి తీస్తే లెక్క తప్పి ప్రోగ్రాం ఆగిపోయేది. అందుకని... అందుకని..." ఊపిరి తీసుకుంది. ఇప్పుడు మాట తడబడట్లేదు, ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తోంది. "మీరు హాజరు పట్టీలో కాలేజీ మానేసిన పిల్ల పేరు కొట్టేస్తారు కదా మేడం, పేరు పోదు కదా, దాని మీద గీత పడుతుంది అంతే కదా! అలాగే. ఒక్కో గీత పక్కనా ఒక గుర్తు పెట్టాను. గుర్తు ఒకటైతే కనిపిస్తుంది. సున్నా అయితే దాక్కుంటుంది. 'వెనక్కి' నొక్కితే గుర్తు సున్నా అవుతుంది. 'అన్నీ చెరుపు' నొక్కితే అన్నిటికీ సున్నా. అంతేగానీ ఏదీ పోదు. బొమ్మని సేవ్ చేసినప్పుడు దాక్కున్నవి కూడా ఫైల్లోకి వెళ్ళిపోతాయి. అది తప్పే మేడం, ఫైలు ఊరికే బరువెక్కుతుంది, సరిచేద్దామనుకుని మర్చిపోయాను. కానీ అలాగే ఉంది. అతని దాంట్లో కూడా అలాగే ఉండాలి!"

ల్యాబ్‌లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

మేడం టాపర్ పెన్‌డ్రైవు పెట్టి కోడు తెరిచింది. తెర మీద వరసలు పైకి జరుగుతున్నాయి. ఒకచోట ఆపి కళ్ళద్దాలు సర్దుకుంది. గుర్తు. ఒకటి, సున్నా. తూనీగ చెప్పినట్టే.

"ఏం బాబూ? తీసి పారేస్తుందన్నావు?"

"అంటే మేడం, సూత్రం చెప్పాను," అన్నాడు టాపర్. గొంతు ఇంకా నిబ్బరంగానే ఉంది. "రాసేటప్పుడు ఇలా రాశాను. మర్చిపోయాను. ఇప్పుడు తను కోడు చదివి చెప్పిందేమో, ఎవరు చదివినా చెప్పొచ్చు కదా?"

అదీ నిజమే. వెనక బెంచీవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తూనీగ పళ్ళు కొరికింది. ఇంత దూరం వచ్చి మళ్ళీ చేజారిపోవడమా? అప్పుడు టాపర్ ఫోల్డర్లో, కోడు పక్కన, ఇంకో ఫైలు కనిపించింది. నమూనా బొమ్మ. ప్రాజెక్టుతో పాటు తప్పకుండా ఇవ్వాల్సినది.

"మేడం, అతని నమూనా బొమ్మ తెరవండి."

తెర మీద పడవ వచ్చింది. నీలం నీళ్ళు, ఎర్ర తెరచాప, మూలన సూర్యుడు. చక్కగానే ఉంది.

"అందులో ఎన్ని గీతలున్నాయో అతన్ని అడగండి."

మేడం టాపర్ వైపు చూసింది. అతను వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. "ముప్ఫై... ఎక్కువలో ఎక్కువ నలభై."

"జాబితాలో ఎన్ని ఉన్నాయో చూపించమనండి మేడం. ఒక్క లైను."

మేడం తానే టైపు చేసింది. అందరూ మెడలు సాచారు. తెర మూల మీద అంకె పడింది.

రెండువందల పన్నెండు.

"అమ్మో!" అంది ఎవరో. టాపర్ లేచి నిలబడ్డాడు. "మేడం, అది... నేను చాలాసార్లు చెరిపి గీశాను, అందుకే..."

"అయితే ఇంకా మంచిది. నువ్వు చెరిపినవేవో చూద్దాం," అంది మేడం. ఆమె గొంతులో కూడా ఇప్పుడు ఏదో హుషారు దూరింది. పాతికేళ్ళుగా ఇవే ప్రాజెక్టులు, ఇవే తప్పులు చూసి చూసి విసిగిన మనిషి కుర్చీ ముందుకు లాక్కుంది. "గుర్తు ఒకటైతేనే గియ్యమన్న షరతు ఎక్కడుందమ్మా?"

"నూట నాలుగో లైను."

చూడకుండా చెప్పింది తూనీగ. మేడం ఒకసారి ఆమె ముఖంలోకి చూసి, ఆ షరతు తీసేసింది. ఒక్కో గీత తర్వాత అర సెకను ఆగమని తానే ఇంకో లైను చేర్చింది. నడిపింది.

తెర తెల్లబడింది.

మొదటి గీత పడింది. వంకర టింకరగా, వణుకుతూ, పైనుంచి కిందికి. రెండోది దాన్ని ఢీకొట్టింది. మూడోది గుండ్రంగా మొదలై కోడిగుడ్డులా ముగిసింది. గుడ్డుకి ముక్కు వచ్చింది. కాళ్ళు వచ్చాయి, మూడు. తోక వచ్చింది, కొబ్బరి చీపురు కట్టలాంటిది.

తూనీగకి నవ్వు, ఏడుపు కలిసి తన్నుకొచ్చాయి. నానమ్మ! మౌస్‌ని అప్పడాల కర్రలా రెండు చేతులతో పట్టుకుని, "కోడిని గీస్తున్నానే, కదలకండి," అని ఇంటిల్లిపాదినీ అరగంట నిలబెట్టిన నానమ్మ. మూడో కాలెందుకని అడిగితే, "పడిపోకుండా," అంది.

కోడుతో పాటు వచ్చిన ఆ కోడి బొమ్మ ఫైలునే తుడిచి, టాపర్ దాని మీద పడవ గీసుకున్నాడన్నమాట. గీతలు ఆగలేదు. కోడి కింద అక్షరాలు పడుతున్నాయి, ఒక్కో గీతా అర సెకనుకి. తూనీగ చేతిరాత. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా మేడం దిద్దిన రికార్డు పుస్తకంలో ఉన్న అదే రాత.

'ఇది మా నానమ్మ గీసిన కోడి. నవ్వినవాళ్ళకి గుడ్డు లేదు.'

ల్యాబంతా ఒక్కసారిగా గొల్లుమంది. బల్లలు చరిచారు. ఎవరో ఈల కూడా వేశారు. ఎన్నడూ నవ్వని మేడం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బాబూ, ఈమె నీకు కూడా నానమ్మేనా?"

టాపర్ కుర్చీలో కూలబడి, "మేడం, మా ఇంట్లో..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఈ ఏడాది మొదటి మార్కు రాకపోతే ఇంట్లో ఎలా ఉంటుందో అతనికొక్కడికే తెలుసు. తూనీగకి ఆ క్షణంలో జాలిపడే తీరిక లేదు. నెగ్గాను, నెగ్గాను అని లోపల డప్పు మోగుతోంది. వెనక్కి తిరిగి వదినని గట్టిగా కౌగిలించుకుంది.

"వదినా! చూశావా? నానమ్మ కోడి కాపాడింది మనల్ని!"

వదిన బిగుసుకుపోయి ఉంది. ఆమె కళ్ళు తూనీగ భుజం మీదుగా తెరని చూస్తున్నాయి.

"మేడం, చాలు కదా," అంది వదిన. "తేలిపోయింది కదా. ఆపెయ్యండి."

"ఉండమ్మా, ఇంకా సగం కూడా కాలేదు."

కోడి మీదుగా కొత్త గీతలు పడుతున్నాయి. నల్లవి, సన్నవి. బొమ్మ కాదు, అక్షరాలు. ఈ రాత తూనీగది కాదు. మౌస్‌తో రాసినా ముత్యాల్లా ఉన్నాయి, ఒక్కో తలకట్టూ చిన్న గొడుగులా వంగి ఉంది. అలా గొడుగు తలకట్లు పెట్టే మనిషి ఈ ప్రపంచంలో తూనీగకి ఒక్కతే తెలుసు. చిన్నప్పటి నుంచీ తన పుస్తకాల అట్టల మీద పేర్లు రాసిపెట్టింది ఆ చెయ్యే.

'ప్రోగ్రాం ఇచ్చాను. ఇక ఆ ఉత్తరం ఇచ్చెయ్.'

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఈ ల్యాబ్‌లో మాట్లాడితే మేడం బయటికి పంపేస్తుంది. పక్కపక్కన కూర్చుని చెప్పుకోవాల్సినవి ఉన్నవాళ్ళు ఇలా తెర మీద రాసుకుని చెరిపేసుకోవడం అందరికీ అలవాటే. ఇద్దరూ 'అన్నీ చెరుపు' నొక్కి, అంతా పోయిందనుకున్నారు.

దాని కింద గరుకు రాతలో జవాబు పడింది. టాపర్‌ది.

'నా దగ్గర లేదు. మీ మావయ్య తీసుకున్నారు.'

వదినకి మావయ్య ఒక్కరే. తూనీగ వాళ్ళ నాన్న.

ఆ తర్వాత పడవ గీతలు మొదలయ్యాయి. వాటిని ఎవరూ చూడలేదు.

"వదినా," అంది తూనీగ.

వదిన కళ్ళనిండా నీళ్ళు. "నిన్ను మోసం చేద్దామని కాదే. ఒట్టు. అతను కోడు చూసి నేర్చుకుంటానన్నాడు, తనదని ఇచ్చేస్తాడనుకోలేదు. నాకు ఆ ఉత్తరం కావాలి. అది నీ..." అని ఆగిపోయింది. "నన్నడక్కు. మావయ్యనే అడుగు." చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది.

మేడం ప్రోగ్రాం ఆపింది. పెన్‌డ్రైవు తీసి మళ్ళీ సొరుగులో పెట్టింది.

"అతని సంగతి నేను చూసుకుంటాను. ప్రోగ్రాం నీదే, అందులో అనుమానం లేదు. ఆ నూట నాలుగో లైనే చాలు నాకు." గొంతు తగ్గించింది. "కానీ ఇచ్చినవాళ్ళకి కూడా తప్పుంటుందమ్మా. మధ్యాహ్నం రెండింటికి బయటి నుంచి పరీక్షకులు వస్తున్నారు. మీ ప్రాజెక్టు మీద ఒక పేరుండాలా, రెండుండాలా, నువ్వే చెప్పు. అప్పటిదాకా పేర్లు రాసే కాగితం నా దగ్గరే ఉంచుతాను."

తూనీగ పరుగెత్తింది.

నాన్న పనిచేసేది ఈ కాలేజీ లైబ్రరీ వెనక గదిలోనే. చినిగిన పుస్తకాలకి కొత్త అట్టలు వేయడం ఆయన పని. మెట్లు రెండేసి చొప్పున దిగి, వరండా దాటి, ఆ గదిలోకి వెళ్ళేసరికి మైదా జిగురు వాసన గుప్పుమంది. నాన్న ముక్కాలి పీట మీద కూర్చుని ఒక లావుపాటి నిఘంటువు వెన్నుకి బ్రష్షుతో జిగురు రాస్తున్నాడు. నుదుటి మీద జిగురు మరక. కూతుర్ని చూడగానే ముఖం విప్పారింది.

"ఏం తల్లీ, గెలిచావా? నీ ముఖమే చెప్తోంది!"

"గెలిచాను నాన్నా." రొప్పు ఆగలేదు. "నాన్నా, టాపర్ దగ్గర్నించి నువ్వొక ఉత్తరం తీసుకున్నావా? వదిన ఉత్తరం?"

బ్రష్షు గాలిలో ఆగిపోయింది. జిగురు బొట్టు ఒకటి నిఘంటువు మీద పడింది. పని మీద చిన్న మరక పడినా గిలగిల్లాడే మనిషి దాన్ని తుడవలేదు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పారులే. ఉందా, లేదా?"

నాన్న లేచి, చేతులు గుడ్డకి తుడుచుకుని, గది తలుపు మూశాడు. ఆయన పట్టపగలు ఆ తలుపు మూయడం తూనీగ ఎప్పుడూ చూడలేదు. పుస్తకాలు నొక్కిపెట్టే ఇనప మర దగ్గరికి వెళ్ళి పిడి తిప్పాడు. రెండు అట్టల మధ్య చదునుగా అణిగిన కవరు ఒకటి బయటికి తీశాడు.

"లైబ్రరీ పుస్తకంలో దొరికిందని ఆ అబ్బాయి తెచ్చిచ్చాడమ్మా. వదిన దాచిపెట్టిందట, పుస్తకం తిరిగిచ్చేటప్పుడు తియ్యడం మర్చిపోయింది. అది చూసినప్పటి నుంచి మూడు వారాలుగా నీకివ్వాలా వద్దా అని..." కవరు ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు వదినని ఏమీ అనకు. ముందు అది చదువు."

తూనీగ కవరు తిప్పి చూసింది. ఒక అంచు అప్పటికే చింపి ఉంది.

దాని మీద ఉన్నది వదిన పేరు కాదు. టైపు చేసిన అక్షరాల్లో, ఇంట్లో ఎవరూ పిలవని, కాలేజీ రిజిస్టర్లో మాత్రమే ఉండే తన పూర్తి పేరు.